గడిలో పట్టేంత అనుభవం

బషీర్‌బాగ్ నుంచి హిమాయత్‌నగర్, నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి చేరి, అక్కణ్నుంచి ఇందిరా పార్కు వైపు తిరిగితే అశోక్‌నగర్. కోచింగ్ సెంటర్ల బోర్డులు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, స్పైరల్ బైండింగ్ చేసిచ్చే జిరాక్స్ షాపులు. ఇక్కడి పిల్లలు రాసినంత ఈ నగరంలో ఇంకెవరూ రాయరేమో. రోజూ జవాబులు రాస్తారు, వారం వారం టెస్టులు రాస్తారు, రాసినవి దిద్దించుకుని మళ్లీ రాస్తారు. ఆ కాగితాల గుట్టలో నాకు ముచ్చటగా తోచే రచన మాత్రం చాలా చిన్నది. అచ్చు తీస్తే కొన్ని పేజీలు, వాటిలోనూ చాలా భాగం పేర్లూ తేదీలూ చిరునామాలూ. సివిల్స్ ప్రిలిమ్స్ దాటినవాళ్లు నింపే డిటెయిల్డ్ అప్లికేషన్ ఫారం అది. అంత పొడుగు పేరు ఇక్కడ ఎవరి నోటా వినపడదు. ‘డాఫ్’ అంటారు. ‘డాఫ్ నింపావా?’ అని ఒకరు అడిగితే, ‘హాబీ దగ్గర ఆగాను అన్నా’ అని ఇంకొకరు చెబుతారు.

ఆగాల్సిన చోటే అది. మెయిన్స్ రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకి 275, మొత్తం 2025. ఆ 275 కోసం ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో బోర్డు ముందు అరగంట అటూ ఇటూగా కూర్చోవాలి. బోర్డు దగ్గర అభ్యర్థి జీవిత వివరాలు ఉంటాయని యూపీఎస్సీ నోటిఫికేషనే చెబుతుంది. ఇది లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్ కాదనీ, ఒక ఉద్దేశంతో సహజంగా సాగే సంభాషణ అనీ కూడా అందులోనే ఉంటుంది. ఆ సంభాషణ ఎక్కడ మొదలవుతుందో చాలాసార్లు అభ్యర్థే ముందుగా రాసిచ్చి ఉంటాడు. మామూలు బయోడేటాను చదివి పక్కన పెడతారు. ఇందులోని ప్రతి మాటా ఏదో ఒకరోజు ప్రశ్నగా తిరిగొస్తుంది. ఆ ఎరుకతో రాయడంలో ఎంత పనితనం ఉందో ఒక్క గడిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనిషి నా ఊహ, ఉద్యోగం మాత్రం నిజం. తెలంగాణలో 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అలా కొలువులో చేరి, రాత్రిళ్లు చదువుకుని, సెలవు పెట్టి పరీక్షలు రాసిన ఒకమ్మాయి ఉందనుకోండి. ఫారంలో ఉద్యోగానికి వరసగా గడులుంటాయి: హోదా, సంస్థ, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, జీతం, చేసే పని ఏమిటి. మొదటి నాలుగూ అపాయింట్‌మెంట్ ఆర్డరు చూసి ఎక్కించేయొచ్చు. ఐదోదానికి కాపీ కొట్టడానికి ఏ కాగితమూ ఉండదు. మొదటిసారి చాలామంది చేతిలోంచి వచ్చేది ఇలాంటి వాక్యం: ‘గ్రామ పరిపాలన, ప్రభుత్వ పథకాల అమలు, సమగ్ర గ్రామాభివృద్ధి పర్యవేక్షణ.’ (ఫారం నింపేది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.) వినడానికి గంభీరంగా ఉంది. ఎంపీడీవో చేసేదీ అదే, కలెక్టరు చేసేదీ అదే, మంత్రిగారు చేస్తానని చెప్పేదీ అదే. ఈ అమ్మాయి పొద్దున్నే ఆఫీసు తాళం తీసి ఏం చేస్తుందో మాత్రం అందులో లేదు.

నాలుగైదుసార్లు కొట్టివేతలు అయ్యాక అదే గడి ఇలా తేలుతుంది: ‘ఇంటి పన్ను వసూలు, జనన మరణాల నమోదు, ఉపాధి హామీ పనులు, నర్సరీ, పారిశుద్ధ్యం.’

ఇప్పుడు చూడండి. విశేషణం ఒక్కటీ లేదు. ‘సమగ్ర’ పోయింది, ‘పర్యవేక్షణ’ పోయింది. మిగిలినవన్నీ పనుల పేర్లు, ప్రతి పేరు వెనకా ఆఫీసు బీరువాలో ఒక రిజిస్టరు ఉంది. ఇంటి పన్ను అంటే ఊళ్లో ఎవరెంత బాకీ, ఎవరికి నోటీసు ఇవ్వాలి, నోటీసు ఇవ్వాల్సిన ఇల్లు సర్పంచ్ గారి బావమరిదిది అయితే ఏం చేయాలి. జనన మరణాలంటే 1969 నాటి చట్టం, 21 రోజుల గడువు, ఆ గడువు సంగతి తెలియక బిడ్డను బడిలో వేసేనాడు పరుగెత్తుకొచ్చే తండ్రి. ఉపాధి హామీ అంటే ఆమె చేరేనాటికి అమల్లో ఉన్న 2005 నాటి చట్టం, మస్టరు, ఎండలో గుంత కొలిచే టేపు, కొలత తగ్గితే కూలి తగ్గిందని గొడవ. నర్సరీ అంటే 2018 పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కల్లో 85 శాతం బతికి తీరాలనే షరతు, వేసవిలో ట్యాంకరు కోసం తిరుగుళ్లు. ఐదు మాటలు, ఏ చట్టం పేరూ చెప్పకుండానే ఐదు పనుల గుట్టూ తెలిసిన మనిషి. ఈ వాక్యం చదివిన బోర్డు సభ్యుడికి ప్రశ్న వెతుక్కోవాల్సిన పనుండదు. చెప్పే మనిషికి జవాబు బట్టీ పట్టాల్సిన పనీ ఉండదు.

వరసలోనూ నేర్పు ఉంది. పన్ను వసూలు ముందు పెట్టింది. ఊళ్లో మంచి పేరు తెచ్చే పని కాదది, చెడ్డ పేరు తెచ్చే పని. కష్టమైనదాన్ని ముందు పెడితే మాట అక్కడే మొదలయ్యే అవకాశం ఎక్కువ, ఆమె దగ్గర చెప్పడానికి ఎక్కువున్నదీ అక్కడే. పారిశుద్ధ్యం చివరికి వెళ్లింది కానీ పోలేదు. చెత్త ట్రాక్టరు వెంట తిరగడం సివిల్స్ ఫారంలో రాసుకునే సంగతా అని మొహమాటపడి తీసేసేవాళ్లుంటారు. ఆమె ఉంచింది. ఇక రాయకుండా వదిలేసింది ఎన్నికల డ్యూటీ. చేసింది ఒక్కసారి, అదీ పైవాళ్లు చెప్పినట్టు. ఆ ఒక్కసారిని అనుభవమని రాస్తే రెండో ప్రశ్నకే నీళ్లు నమలాలి. నాకు ఈ వదిలేయడమే అన్నిటికన్నా గొప్ప పనిగా కనిపిస్తుంది, ఎందుకంటే చదివేవాళ్లకు అది ఎప్పటికీ తెలియదు.

ఉద్యోగం గడి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకు కూడా ఫారం ఎన్నో మాటలు రాయిస్తుంది, వాళ్లు గమనించినా గమనించకపోయినా. పుట్టిన ఊరు, జిల్లా, తండ్రి వృత్తి. వీటిలో నేర్పు ఏముంది, ఉన్నది రాయడమే కదా అనిపిస్తుంది. భూదాన్ పోచంపల్లిలో పుట్టిన కుర్రాడు తండ్రి వృత్తి దగ్గర ‘చేనేత’ అని రాశాడనుకుందాం. ఊరి పేరు ఒకటి, వృత్తి పేరు ఒకటి, అంతే. ఊరి పేరులోని ‘భూదాన్’ వెనక 1951 ఏప్రిల్ 18 ఉంది; వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న రోజు అది. వృత్తి వెనక ఇక్కత్ ఉంది, దానికి దక్కిన భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ గుర్తింపు ఉండగానే అచ్చు అదే డిజైనుతో మిల్లులో ముద్రించి అమ్మే చీర ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచిన ఊరు కూడా అదే. ‘పర్యాటకులు వస్తే మగ్గం మీద కూర్చున్న మీ నాన్నకు ఏమొస్తుంది?’ అని అడిగితే కుర్రాడు ఏమంటాడు? కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్‌లో దొరికే జవాబు కాదది. రాత్రి ఫోన్ చేసి ఇంట్లో అడగాలి.

అశోక్‌నగర్ హాస్టళ్లలో డాఫ్ రోజుల్లో జరిగేది సరిగ్గా అదే. ఆరేడేళ్లుగా ‘ఎట్లున్నరు, అన్నం తిన్నరా’ దాటని ఫోన్లలో పిల్లలు హఠాత్తుగా నూలు ధర అడుగుతారు, ఎకరానికి ఎన్ని బస్తాలొచ్చాయి, కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో ఎంత కోశారు అని అడుగుతారు. ‘వ్యవసాయం’ అని ఒక్క మాట రాసినందుకు పూచీ పడటం అది. జిల్లా గడి దగ్గర ఇంకో చిక్కు: తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పైఒకటి అయ్యాయి, 2019లో ముప్పైమూడు. పదో తరగతి మెమోలో నల్గొండ అని ఉన్న పిల్లాడి ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. ఆ తేడాను సర్టిఫికెట్ల తలనొప్పి అనుకునేవాడు ఒకడు. చిన్న జిల్లా వచ్చాక మా అమ్మ కలెక్టరాఫీసుకు వెళ్లి రావడానికి బస్సు ఛార్జీ ఎంత తగ్గింది అని లెక్క చూసుకునేవాడు ఇంకొకడు. గడిలో ఇద్దరూ రాసే పేరు ఒకటే.

ఇదే నగరంలో, ఇక్కడికి ఎంతో దూరం లేని అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం బయోడేటా రాసే పద్ధతి వేరు. అక్కడ మొదట చదివేది మనిషి కాకపోవచ్చు. ఉద్యోగ ప్రకటనలోని మాటలు రెజ్యూమేలో ఉన్నాయా లేవా అని సాఫ్ట్‌వేర్ చూస్తుంది. అందుకే అక్కడ మాటలు కూరి కూరి పెడతారు, పిల్లలనేం తప్పు పట్టలేం. అక్కడ తక్కువ రాస్తే నష్టం, ఇక్కడ ఎక్కువ రాస్తే నష్టం.

తక్కువ మాటల్లో తన పని చెప్పుకునే విద్య మనకు కొత్తేం కాదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహమై నిలబడ్డ శ్రీనాథుడు ఆ విద్యలో ఆరితేరినవాడు. కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా పనిచేసి, ఆ రాజ్యం పోయాక రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువుకు చేరినవాడు. వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండం అవతారికలో ఒక పద్యం ఉంది. బడిలో చదివినవాళ్లకు ఎత్తుగడ వినగానే గుర్తొస్తుంది. అది దరఖాస్తు కాదు. కానీ పని అనుభవం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి అంతకు మించిన పాఠం నాకు కనపడలేదు. ఐదు రచనలు, ఐదు వయసులు. పిల్లవాడిగా ఉన్నప్పుడు ఒకటి, మీసాలు మొలిచేనాడు ఒకటి, నిండు యవ్వనంలో నైషధం, పరిణతి వచ్చాక భీమఖండం, పెద్ద వయసులో ఇదిగో ఇప్పుడు చేయబోతున్న కాశీఖండం. ఒక్కో రచనకు ఒక్కో క్రియ వాడాడు, ఏదీ రెండోసారి రాదు. ఫలానా కావ్యం గొప్పగా కుదిరిందనీ, పండితులు మెచ్చారనీ ఎక్కడా అనడు. వయసు చెప్పి ఊరుకుంటాడు. పిల్లవాడి వయసులోనే కావ్యం రాశాడంటే ఎంతటివాడో వినేవాళ్లే లెక్క కట్టుకుంటారు.

సొంత గొప్ప ఒకే ఒక్కచోట, చివర బిరుదుగా వస్తుంది. అదీ తనకు తాను తగిలించుకున్నట్టు కాకుండా కర్ణాట రాజధానిని గుర్తుచేసే బిరుదు. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్న కథ తెలిసినవాళ్లకు ఆ ఒక్క సమాసం చాలు. ఈ కాలపు భాషలో చెబితే రెఫరెన్సు ఇచ్చాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, పద్యంలో ఆఖరి క్రియ భవిష్యత్తులో ఉంటుంది. చేసినవన్నీ చెప్పి, చేయబోయే పని దగ్గర ఆగాడు. మొదటి రెండు రచనలూ మనకిప్పుడు పూర్తిగా దొరకవు; శ్రీనాథుడు రాశాడని చెప్పుకోవడానికి ముఖ్యమైన ఆధారం ఆ పద్యంలోని వరసే. ఇంతకాలం చెల్లుబాటయిన సర్వీసు రికార్డు ఇంకొకటి చూపించండి.

ఇటలీలో లియొనార్డో డావిన్చి 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసిన ఉత్తరాన్ని ప్రపంచంలో మొదటి రెజ్యూమే అని మురిసిపోతుంటారు. అదీ బాగానే ఉంటుంది. యుద్ధాల కాలం కాబట్టి వంతెనలు, సొరంగాలు, ఫిరంగులు, కప్పు వేసిన రథాలు అంటూ అంకెలు వేసి రాసుకుపోతాడు. కట్టడాలూ శిల్పాలూ చిత్రలేఖనమూ శాంతికాలపు పనులుగా చివర్లో వస్తాయి. చదివేవాడికి ఏం కావాలో ఎరిగిన ఉత్తరం. అయితే చేయగలనని చెప్పినవాటిలో చాలా భాగం అప్పటికి చేసినవి కావు. మన శ్రీనాథుడి వరసలో అలాంటి అప్పు లేదు.

మళ్లీ అశోక్‌నగర్‌కు వద్దాం, ఆ పిల్లవాడు హాబీ దగ్గర ఆగిపోయి ఉన్నాడు. హాబీ గడి అందరినీ ఏడిపిస్తుంది. చదువు తప్ప వేరే ధ్యాస లేకుండా నాలుగేళ్లు గడిపినవాణ్ని నీ సరదాలేమిటని అడగడం కాస్త నిర్దయే. అందుకే అరువు సరదాలు పుట్టుకొస్తాయి. యోగా, ధ్యానం, గార్డెనింగ్. ముగ్గురు పడుకునే హాస్టల్ గదిలో మొక్కలెక్కడ పెంచావు నాయనా అని మాక్ ఇంటర్వ్యూలో ఎవరో రిటైర్డ్ ఆఫీసరు అడిగేదాకా ఆ సరదా నిలుస్తుంది. ‘పుస్తకాలు చదవడం’ అంటే ఏ పుస్తకం అనే ప్రశ్న. ‘సంగీతం వినడం’ అంటే ఎవరి సంగీతం. మాటను కుదించే కొద్దీ గట్టిపడుతుంది. పక్కనే ఉన్న త్యాగరాయ గానసభకు సాయంత్రాలు వెళ్లే అలవాటున్నవాడు ‘గానసభలో కచేరీలు వినడం’ అని రాస్తే అందులో మనిషి కనిపిస్తాడు. నాకైతే ఇంకో హాబీ మీద మనసుంది: ‘సింగిల్ స్క్రీన్ థియేటర్లలో తెలుగు సినిమాలు చూడటం.’ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండి, సంధ్యలోనో దేవిలోనో నెలకో సినిమా చూడని అభ్యర్థి ఎవరు? చాలామంది అది హాబీ కిందికి రాదేమో, చులకన అవుతామేమో అనుకుంటారు. దాని వెనక టికెట్ ధరల జీవోలున్నాయి, మల్టీప్లెక్సులున్నాయి, మూతపడుతున్న హాళ్లున్నాయి, బెనిఫిట్ షోల గుంపును అదుపు చేయాల్సిన పోలీసులున్నారు. అధికారి కాబోయే మనిషి ఆలోచించాల్సిన విషయాలే అన్నీ. పైగా అబద్ధం కాదు.

గడి ఖాళీగా ఉంటే? డిగ్రీ అయ్యాక ఏళ్లకేళ్లు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, స్టడీ హాళ్లలో గడిపినవాళ్లకు ఉద్యోగం గడిలో రాయడానికేమీ ఉండదు. ఆ ఖాళీని నింపాలనే ఒత్తిడి మామూలుది కాదు. చుట్టాల కంపెనీలో కన్సల్టెంటుగా, ఏదో ఎన్జీవోలో వాలంటీరుగా చూపించుకోమని సలహాలిచ్చేవాళ్లు ఉంటారు. ఖాళీని ఖాళీగా వదిలే ధైర్యం కొందరికే ఉంటుంది. ‘ఈ మూడేళ్లు ఏం చేశారు?’ అని అడిగితే ‘ప్రిపేర్ అయ్యాను సర్, ఖర్చులకు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాను’ అనగలిగితే చాలు. ట్యూషన్లను ఉద్యోగమని గడిలో పెట్టకుండా నోటిమాటకు దాచుకోవడం కూడా లెక్కే.

భాష సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. పక్కన దుబాసీ ఉంటారు. 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన సర్కారు బడి ఉపాధ్యాయుడు. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది మొదటి ర్యాంకు మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్‌ది. ఉద్యోగం గడిలో రాసుకోవడానికి ఆయనకు గూగుల్ ఉంది, అప్పటికే చేస్తున్న ఐఆర్‌ఎస్ ఉంది. ఆయనకు ఇంటర్వ్యూలో వచ్చింది 275కి 176. పల్లెబడి మాస్టారి గడీ, గూగుల్‌లో చేసినాయన గడీ కొలతలో ఒకటే అన్నది నాకు ఈ ఫారంలో నచ్చే సంగతి. అందులో ఎవరి హోదాకూ అదనపు చోటు లేదు. పిల్లలకు ఎక్కాలు చెప్పడం అన్న పనికి ఎన్ని అక్షరాలు పడతాయో, పెద్ద కంపెనీ పనికీ అన్నే.

అయితే గ్రంథాలయం బల్లల మీద కూర్చున్నవాళ్లలో చాలామందికి ఈ గడుల బాధ లేదు. వాళ్లది గ్రూప్స్. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు 2022లో తీసేశారు. గ్రూప్-1 మొత్తం 900 మార్కులూ రాతపరీక్షవే. ఇంటర్వ్యూ మార్కుల మీద ఏళ్లుగా ఉన్న అనుమానాలు తెలిసినవాళ్లెవరూ ఆ నిర్ణయాన్ని తప్పు పట్టరు, నేనూ పట్టను. ఒకే గదిలో రెండు మంచాల మీద ఇద్దరుంటారు. ఒకడి దరఖాస్తు చదువు, కులం, లోకల్ ఏరియా దగ్గర ముగుస్తుంది. రెండోవాడు ఊరి గురించీ నాన్న గురించీ తన పని గురించీ నాలుగు మాటలు వెతుకుతూ అర్ధరాత్రి దాకా లైటు ఆర్పడు, మొదటివాడు దుప్పటి తల మీదికి లాక్కుని తిట్టుకుంటాడు.

ఆ నాలుగు మాటలూ మొదట సీనియర్ దగ్గరికి వెళ్తాయి. ‘ఈ లైన్ చూడన్నా’, ‘అక్కా, ఇది బాగుందా?’ అని ఫోన్‌లో ఫొటో తీసి పంపుతారు. అవతల ఉన్నవాళ్లు ఒకటి రెండుసార్లు ధోల్‌పూర్ హౌస్ దాకా వెళ్లి వచ్చినవాళ్లు, కొందరు ర్యాంకు రాక వెనక్కొచ్చినవాళ్లు. వాళ్లు ఇంగ్లీషు దిద్దరు. ‘దీని గురించి పది నిమిషాలు మాట్లాడు, వింటా’ అని ఫోన్ చేస్తారు. మాట్లాడగలిగినంత ఉంచమంటారు, మిగతాది కొట్టేయమంటారు.